భాగ్యమ్మ పాక్కియమ్మాళ్ అయితే ఓటు పోతుందా?

వేపపువ్వు
2025 డిసెంబరు 26, రాత్రి 9.14

అందరికీ నమస్కారం. సలహా కోసం రాస్తున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా అపార్టుమెంటులో మెట్లు ఊడ్చే ఆమెకు అరవై దాటాయి. అసలు పేరు రాయను, భాగ్యమ్మ అనుకోండి. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి పారిశుద్ధ్య పనికి మద్రాసు వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కూవం నది ఒడ్డున గుడిసె ఉండేది. 2015 వరదల తరువాత అక్కడ ఖాళీ చేయించి, నగరానికి దక్షిణపు అంచున ఎనిమిది అంతస్తుల బ్లాకుల్లో ఒక గది, వంటిల్లు ఇచ్చారు. తెల్లవారకముందే బస్సు పట్టుకుని పనికి వస్తుంది. ఇల్లు మారింది కానీ ఓటు పాత చోటే ఉండిపోయింది. 2021లోనూ 2024లోనూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి ఓటు వేసి, అటు నుంచి అటే పనికి వచ్చింది. సిరా గుర్తు నాకు చూపించి మరీ చీపురు పట్టుకుంది.

ఈ నెల 19న ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణలో ముసాయిదా జాబితా వచ్చింది కదా, అందులో ఆమె లేదు. బీఎల్వో, అంటే ఇంటింటికీ తిరిగి జాబితా చూసే బూతు స్థాయి అధికారి, పాత చిరునామాకు వెళితే అక్కడ గుడిసె లేదు, కాంక్రీటు గోడ ఉంది. ‘చిరునామా మారినవారు’ అని రాసేశారు. అది అబద్ధం కాదు. కొత్త చోట ఫారం ఎవరూ ఇవ్వలేదు.

పాత జాబితా కాగితాలు తిరగేస్తే ఒకచోట ‘పాక్కియమ్మాళ్, భర్త కోవిందన్’ అని దొరికింది. అది ఈమే. ఆధార్‌లో మాత్రం భాగ్యమ్మ, భర్త గోవిందయ్య. తమిళంలో భకారం, బకారం, పకారం అన్నిటికీ ఒకే అక్షరం. గకారానికీ కకారానికీ కూడా అంతే. తమిళంలో రాసినదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు మనిషే మారిపోయింది.

ఇది ఒక సంగతి. రెండోది చెప్పడానికి ఆమె రెండు రోజులు తటపటాయించింది. ఆ బ్లాకుల్లో నీళ్ల మోటారు, లిఫ్టు మరమ్మతు డబ్బులు వసూలు చేసే ఒకతను ఉన్నాడు. ఎవరి మనిషో అందరికీ తెలుసు, నేను రాయను. ‘పేర్లు చేర్చుకోండి, మంచిదే. ఈ బ్లాకులన్నీ ఒకే బూతు. పోయినసారి ఎవరికి ఎన్ని పడ్డాయో కాగితం నా దగ్గర ఉంది’ అన్నాడట. అంతే అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు.

పేరు ఎలా చేర్పించాలి? ఆ మనిషి సంగతి ఏం చేయాలి?

---

గళ్లచొక్కా
డిసెంబరు 26, రాత్రి 9.51

మొదటి ప్రశ్నకు సానుభూతి ఉంది. రెండోదానిలో బెదిరింపు ఎక్కడ ఉందో నాకు అర్థం కాలేదు. బూతువారీ లెక్క ఎన్నికల సంఘమే వెబ్‌సైటులో పెడుతుంది. అందరికీ కనిపించే కాగితం తన దగ్గర ఉందన్నాడు, అంతే కదా?

జాబితా శుభ్రం చేయడం తప్పేమీ కాదు. నాకే మొన్నటి దాకా రెండు ఓట్లు ఉండేవి, ఒకటి వేళచ్చేరిలో, ఒకటి హైదరాబాదులో. నేను దొంగను కాను, ఒకటి తీయించుకోవడానికి బద్ధకించాను, అంతే. తమిళనాడు ముసాయిదాలో 97 లక్షల పేర్లు పోయాయని గగ్గోలు పెడుతున్నారు. అందులో 26 లక్షల పైచిలుకు చనిపోయినవారే. చనిపోయినవారి పేరిట ఓటు పడితే మాత్రం ఎవరికి మంచిది?

---

నల్లకోటు
డిసెంబరు 26, రాత్రి 10.30

వేపపువ్వు గారూ, ముందు పేరు చేర్చే పని చూద్దాం. దానికి గడువు ఉంది, జనవరి 18.

ఆమె ఇప్పుడు నివసిస్తున్న చోట పేరు చేర్చమనే ఫారం 6 ఇవ్వాలి, దానితో పాటు సవరణ కోసం పెట్టిన ధ్రువీకరణ పత్రం కూడా. పాత జాబితాలో ‘పాక్కియమ్మాళ్’ ఉన్న పేజీ నకలు తప్పకుండా జత చేయండి. నియోజకవర్గం పేరు, భాగం సంఖ్య, వరుస సంఖ్య అందులో రాయండి. ఆధార్ ఇవ్వవచ్చు. గుర్తింపు రుజువుగా దాన్ని తీసుకోవాలని సుప్రీంకోర్టు ఈ సెప్టెంబరులో బీహారు ఓటర్ల జాబితా సవరణ వ్యవహారంలో చెప్పింది. పేరు తేడాకు ఆమె వేలిముద్రతో ఒక వివరణ రాయించండి, ‘ఈ రెండు పేర్లూ నావే’ అని. ఇల్లు కేటాయించిన ఉత్తర్వు ఉంటే అన్నిటికన్నా మేలు, అందులో పాత చిరునామా, కొత్త చిరునామా రెండూ ఉంటాయి.

తిరస్కరిస్తే 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 24వ సెక్షను కింద అప్పీలు. మొదటిది జిల్లా మేజిస్ట్రేటుకు 15 రోజుల్లో, రెండోది రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి 30 రోజుల్లో. రశీదు లేకుండా ఏ కాగితమూ ఇవ్వవద్దు. ఇది మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి.

రెండో ప్రశ్నకు రేపు రాస్తాను. కోర్టు సెలవులే కానీ ఇంట్లో సెలవు లేదు.

---

కాఫీగ్లాసు
డిసెంబరు 26, రాత్రి 10.42

రేషను కార్డు పెరుంబాక్కానికి మార్చుకోవడం ఎలాగో కూడా ఎవరైనా చెబుతారా? మా డ్రైవరు అడుగుతున్నాడు.

---

నిర్వాహకుడు
డిసెంబరు 26, రాత్రి 10.50

రేషను కార్డులకు వేరే చర్చ ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ పార్టీల పేర్లు వద్దని మరోసారి మనవి. చట్టం, అనుభవం ఎంతైనా రాయండి.

---

పాత మాస్టారు
డిసెంబరు 27, ఉదయం 6.05

గళ్లచొక్కా గారు ‘బెదిరింపు ఎక్కడ ఉంది’ అని అడిగారు. ఆ ప్రశ్న నేనూ ఒకసారి అడిగాను.

నేను ప్రభుత్వ బడిలో తెలుగు ఉపాధ్యాయుడిగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. ఎన్నికల విధులు ఎన్నో చేశాను. తొంభైల్లో, యంత్రాలు రాకముందు, ఒక పల్లె బడిలో నన్ను ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. ఊరు పేరు వద్దు. ఉదయం నుంచి ఓటింగు చక్కగా సాగింది. గొడవ లేదు, కేక లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఓటరు జాబితా పని ప్రతి ఒకసారి తిరగేశాను. ఓటు వేసినవారి పేరు కింద గీత గీస్తాం, ఆడవారైతే గీతతో పాటు పక్కన టిక్కు పెడతాం. మొదటి పేజీల నిండా గీతలే. చివరి నాలుగు పేజీలు తెల్లగా ఉన్నాయి, ఒక్క గీత కూడా లేదు. అవి ఊరి బయట ఉన్న కాలనీ పేజీలు. అక్కడ ఎవరు ఉంటారో మీకు చెప్పనక్కరలేదు.

బయటికి వచ్చి చూశాను. కాలనీ నుంచి బడికి ఒకటే దారి. ఆ దారి మలుపులో వేపచెట్టు, చెట్టు కింద కుర్చీ వేసుకుని ఒక పెద్దమనిషి పేపరు చదువుకుంటున్నాడు. పక్కన చెంబుతో మజ్జిగ. కర్ర లేదు, కత్తి లేదు. బందోబస్తు కానిస్టేబులును అడిగితే ‘ఆయన పొలాల్లోనే వాళ్లందరికీ పని సార్’ అన్నాడు.

ఆయన కూర్చున్నది బడికి చాలా దూరంలో. నా అధికారం నూరు మీటర్ల లోపలే. పర్యటనకు వచ్చిన సెక్టారు అధికారికి చెప్పాను. ఆయన జీపు ఆ చెట్టు దగ్గర ఆపి ఏం మాట్లాడారో తెలియదు. నాలుగింటికి పదకొండు మంది వచ్చారు. వందకు పైగా పేర్లలో పదకొండు. ఆ రాత్రి నేను రాసిన డైరీలో ‘పోలింగ్ ప్రశాంతంగా ముగిసింది’ అని రాశాను. అది కూడా అబద్ధం కాదు, వేపపువ్వు గారి బీఎల్వో రాసినట్టే.

---

కొరుక్కుపేట
డిసెంబరు 27, ఉదయం 8.20

మాస్టారూ, మీ పోస్టు మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె కార్పొరేషనులో ఊడ్చి రిటైరయింది. ‘ఆ పెద్దమనిషి ఇప్పుడు పేపరు చదవడు, ఫోను చూసుకుంటాడు’ అంది.

గళ్లచొక్కా అన్నా, బూతు లెక్క అందరికీ కనిపిస్తుంది, నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. మీరుండే వీధిలో అన్ని రకాలవాళ్లూ ఉంటారు, అన్ని పార్టీలకూ కొన్ని కొన్ని పడతాయి. మీ బూతు లెక్క చూసి మిమ్మల్ని ఎవరూ పట్టుకోలేరు. మావాళ్లను ఒకే చోట పోగేసి పెట్టారు. ఒకే కులం, ఒకే భాష, ఒకే మెట్లదారి. అక్కడి బూతు లెక్క అంటే మా లెక్కే. ఓటు రహస్యం మనిషికి ఉంది కానీ బ్లాకుకు లేదు. మర్నాడు మోటారు చెడిపోతే వారం దాకా బాగుచేయరు. ఎందుకని అడిగితే ‘మీకే తెలియాలి’ అంటారు.

2019లో ఉత్తరప్రదేశ్‌లోని సుల్తాన్‌పూర్‌లో లోక్‌సభ అభ్యర్థి మేనకా గాంధీ ఇదే మైకులో చెప్పారు. ముస్లింల ఓట్లు లేకపోయినా గెలుస్తానని, తరువాత పనికి వస్తే ఆలోచించాల్సి వస్తుందని అన్నారు. ఊళ్లను పడిన ఓట్ల లెక్కన ఏ, బీ, సీ, డీ అని విడగొడతామన్నారు. ఎన్నికల సంఘం 48 గంటలు ప్రచారం చేయవద్దని ఆదేశించింది. మైకులో చెప్పారు కాబట్టి అదైనా జరిగింది. మెట్ల మీద చెప్పినదానికి ఏం చేస్తారు?

---

గళ్లచొక్కా
డిసెంబరు 27, ఉదయం 9.02

సరే, బ్లాకు విషయం నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

అయినా ఇంకో మాట అడగాలి, కోప్పడవద్దు. మైనారిటీలే గంపగుత్తగా ఒకవైపు వేస్తారు కదా. అలా వేస్తే అవతలివాడికి లెక్క కళ్లకు కట్టినట్టే కనిపిస్తుంది. విడివిడిగా వేస్తే ఈ బాధ ఉండదు. పైగా సరిహద్దు దాటి వచ్చినవాళ్లు జాబితాల్లో దూరారన్న మాట ఊరికే పుట్టదు.

---

పెరియమెట్టు
డిసెంబరు 27, మధ్యాహ్నం 1.15

గళ్లచొక్కా గారూ, కోప్పడను. నమాజు అయి భోజనానికి కూర్చున్నాను, కడుపు నిండితే కోపం రాదు.

మాది నెల్లూరు జిల్లా. నాన్న తోళ్ల వ్యాపారంలో గుమాస్తాగా పెరియమెట్టు వచ్చారు, నేను అదే వీధిలో లెక్కలు రాస్తున్నాను. ఇంట్లో తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడతాం. మా ఇంట్లో ఐదు ఓట్లు. పోయినసారి మూడు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు. మా చెల్లెలు ఎటు వేసిందో ఇప్పటికీ చెప్పదు. గంపగుత్త ఎక్కడ ఉందో మీరే చూపించండి.

ఈ సవరణ మొదలైనప్పటి నుంచి మా అమ్మ పడుతున్న హైరానా చెబుతాను. ఆమె కాగితాలన్నీ చీరల కొట్టు ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచి తలగడ కింద పెట్టి పడుకుంటోంది. పేరు ముసాయిదాలో ఉంది. ఉందని మూడుసార్లు చూపించాను. అయినా ఎవరైనా అభ్యంతరం పెడితే నోటీసు వస్తుందని, విచారణలో ‘నువ్వు ఇక్కడిదానివేనా’ అని అడుగుతారని భయం. నెల్లూరులో పుట్టి, యాభై ఏళ్లుగా ఇక్కడ ఓటు వేసిన మనిషి. మా వీధి చివర వ్యాపారం చేసే రాజస్థానీ ఆయన తల్లికి ఆ భయం లేదు. ఫారం ఇద్దరికీ ఒకటే.

మీరన్న ‘ఊరికే పుట్టదు’ అనే మాట ఉంది చూశారా, అది వాట్సాప్‌లో మా అమ్మ దాకా కూడా వచ్చింది. సంచి తలగడ కిందికి వెళ్లింది ఆ రోజునే.

---

నల్లకోటు
డిసెంబరు 27, మధ్యాహ్నం 2.40

పెరియమెట్టు గారూ, అమ్మగారికి ఒక తీర్పు సంగతి చెప్పండి. 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసు. ఢిల్లీ, ముంబయి నగరాల్లో కొన్ని పోలింగ్ కేంద్రాల ఓటర్లకు గంపగుత్తగా నోటీసులు ఇచ్చి, పౌరులని రుజువు చేసుకోమన్నారు. సుప్రీంకోర్టు ఆ నోటీసులు కొట్టేసింది. ఇప్పటికే జాబితాలో ఉన్న మనిషి విషయంలో, మునుపు పేరు చేర్చిన అధికారి అన్నీ చూసే చేర్చాడని భావించాలని చెప్పింది. తీసేయాలంటే కారణం చెప్పాలి, ఆధారం చూపాలి, మాట వినాలి. కొత్త సవరణ ఆ సూత్రాన్ని తలకిందులు చేసిందా లేదా అన్న వాదన ఇప్పుడు సుప్రీంకోర్టులోనే నడుస్తోంది, కాబట్టి దాని మీద నేను తీర్పు చెప్పను.

బీహారులో ముసాయిదాకు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. ఎవరి పేరు ఎందుకు పోయిందో మొదట చెప్పలేదు. ఆగస్టు 14న కోర్టు ఆదేశించాకే కారణాలతో సహా జాబితా బయటపెట్టారు. మన దగ్గర భాగ్యమ్మ పేరు పక్కన ‘మారినవారు’ అని కనిపించిందంటే ఆ ఆదేశం పుణ్యమే.

---

మారతహళ్లి
డిసెంబరు 27, సాయంత్రం 7.33

బెంగళూరు నుంచి రాస్తున్నాను. మా వైపు పాఠం ఇంకొకటి.

కలబురగి జిల్లా ఆళందలో 2023 ఎన్నికల ముందు పేర్లు తీసేయమని ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైనులో 6,018 వచ్చాయి. ఎవరి పేరిట వచ్చాయో వాళ్లకే తెలియదు. ఒక బీఎల్వోకు తన బంధువు పేరే ఆ జాబితాలో కనిపించి ఆరా తీస్తే, పక్కింటివాళ్లు పెట్టినట్టు ఉంది. పక్కింటివాళ్లు బిత్తరపోయారు. విచారించాక నిజమైనవి 24 తేలాయి. మిగతా 5,994 ఆపారు. దళితుల, మైనారిటీల బూతులనే ఏరి పెట్టారన్న ఆరోపణ ఉంది.

అంతకు ముందు 2022 నవంబరులో బెంగళూరులోనే, ఒక ప్రైవేటు సంస్థ మనుషులు బీఎల్వోల్లాగా కార్డులు వేసుకుని ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించారని బయటపడింది. శివాజీనగర్, చిక్కపేట, మహదేవపుర నియోజకవర్గాల్లో చేర్పులు, తీసివేతలు మొత్తం మళ్లీ పరిశీలించమని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఇద్దరు అధికారులు సస్పెండయ్యారు. మా ఇంటికీ ఒక అబ్బాయి వచ్చాడు. మంచినీళ్లు ఇచ్చి, ఫోను నంబరు కూడా ఇచ్చి పంపాను. ఆ అబ్బాయి ఎవరో ఇప్పటికీ తెలియదు.

తప్పుడు వివరాలతో ఫారం 7 పెడితే 1950 ప్రజా ప్రాతినిధ్య చట్టం 31వ సెక్షను కింద ఏడాది దాకా శిక్ష ఉంది. ఉందని ఎంతమందికి తెలుసు?

---

సముద్రం అవతల
డిసెంబరు 28, ఉదయం 5.10

మైలాపూరువాణ్ణే, ప్రస్తుతం అమ్మాయి దగ్గర అమెరికాలో ఉన్నాను. అక్షరాల గొడవ చూసి రాయాలనిపించింది.

ఇక్కడ దక్షిణాది రాష్ట్రాల్లో 1965 దాకా నల్లజాతివారిని ఓటుకు దూరం పెట్టిన పద్ధతుల్లో తుపాకీ ఒకటే కాదు. పేరు నమోదుకు వెళితే గుమాస్తా రాజ్యాంగంలోని ఒక భాగం చూపించి ‘దీని అర్థం చెప్పు’ అనేవాడు. సరిగ్గా చెప్పావా లేదా అన్నది గుమాస్తా ఇష్టం. అలబామా రాష్ట్రం సెల్మాలోని వంతెన మీద, ఓటుహక్కు కోసం నడిచినవారిపై ఆ ఏడాది మార్చి 7న పోలీసులు లాఠీలు ఝళిపించాకే దేశం కళ్లు తెరిచింది. ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. ఓటరును భయపెట్టడమే కాదు, భయపెట్టే ప్రయత్నం కూడా ఆ చట్టం ప్రకారం తప్పు. 1975లో భాషా మైనారిటీలకు వారి భాషలో సాయం చేయాలని చేర్చారు. 2013లో సుప్రీంకోర్టు ఆ చట్టంలో కీలకమైన ఒక కోరను పీకేసింది, అది వేరే కథ.

భాగ్యమ్మ గారిని కూడా అక్షరాల దగ్గరే ఆపారు, కాకపోతే అమెరికాలో గుమాస్తా కావాలని చేసేవాడు. చెన్నైలో ఎవరూ కావాలని చేయలేదు.

---

నల్లకోటు
డిసెంబరు 28, ఉదయం 10.25

ఇప్పుడు నీళ్ల మోటారు మనిషి సంగతి.

ఓటరును బెదిరించి ప్రభావితం చేయడం భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షనులో నేరం, శిక్ష 174లో, ఏడాది దాకా. అయితే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేని కోవలోది. స్టేషనుకు వెళితే ఎన్‌సీఆర్, అంటే నేరుగా దర్యాప్తు చేయలేని నేరమని ఒక నమోదు, రాసి పంపేస్తారు. భాగ్యమ్మ గారు ఆది ఆంధ్ర అయితే ఆ కులం తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది. అప్పుడు 1989 ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం పనికొస్తుంది. ఓటు వేయవద్దనో, ఫలానావారికే వేయమనో, పోటీ చేయవద్దనో బెదిరించడం అందులో ప్రత్యేకంగా నేరం. ఆరు నెలల నుంచి ఐదేళ్లు. ముందస్తు బెయిలుకు అడ్డు ఉంది. కుటుంబం క్రైస్తవం పుచ్చుకుని ఉంటే మాత్రం, క్రైస్తవులను షెడ్యూల్డు కులాలుగా గుర్తించని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అడ్డొస్తుంది, ఆ చట్టం వర్తించదు. ఒకే మెట్ల మీద, ఒకే బెదిరింపు, ఒక ఇంటికి ఒక చట్టం, పక్కింటికి ఇంకొకటి. ఇది నాకు మొదటి నుంచీ మింగుడు పడని విషయం.

కానీ అసలు మందు శిక్షల్లో లేదు. లెక్కింపులో ఉంది. కాగితపు బ్యాలెట్ల కాలంలో పెట్టెలన్నీ కలగలిపి లెక్కించడానికి 1993లో ఎన్నికల నిర్వహణ నియమాల్లో 59ఏ నియమం తెచ్చారు. ఏ పల్లె ఎటు వేసిందో తెలియకుండా ఉండటానికే అది. యంత్రాలు వచ్చాక మళ్లీ బూతువారీ లెక్కకు వచ్చేశాం. పద్నాలుగు యంత్రాల ఓట్లు కలిపి ఒకే మొత్తం చూపే ‘టోటలైజర్’ పరికరం పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో 255వ నివేదికలో సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు. బూతు లెక్కలు తెలిస్తేనే అభివృద్ధి ఎక్కడ చేయాలో తెలుస్తుందని వాదించినవారు ఉన్నారు. మోటారు మనిషి కూడా అదే అంటాడు.

---

గళ్లచొక్కా
డిసెంబరు 28, ఉదయం 11.00

కలిపి లెక్కిస్తే ఏ బూతులో మోసం జరిగిందో ఎలా పట్టుకుంటారు? ఒక బూతులో వెయ్యికి వెయ్యి ఒకరికే పడితే అది బయటపడేది ఈ లెక్క వల్లే. ఇది ఊరికే వాదన కోసం అడగడం లేదు.

---

పాత మాస్టారు
డిసెంబరు 28, ఉదయం 11.48

మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. బూతు లెక్క ఉంటే దొంగ దొరుకుతాడు, భాగ్యమ్మ కూడా దొరుకుతుంది.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటాను. మదురై జిల్లా పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలు 1996లో షెడ్యూల్డు కులాలకు కేటాయించారు. పదేళ్ల పాటు అక్కడ ఎన్నిక సవ్యంగా జరగలేదు. నామినేషన్లే పడేవి కావు, పడి గెలిచినా వెంటనే రాజీనామా చేయించేవారు. 2006లో జిల్లా యంత్రాంగం పట్టుబట్టి ఇంటింటికీ తిరిగితే గానీ జరగలేదు. అదే జిల్లా మేలవళవులో పోటీ చేసి గెలిచిన మురుగేశన్‌ను, ఆయనతో ఉన్నవారినీ 1997 జూన్‌లో బస్సు ఆపి నరికారు. ఆ పదేళ్లూ అంతా ‘ప్రశాంతంగా’ ఉండటానికి ఆ ఒక్క బస్సు చాలింది. మా స్టాఫు రూములో ‘వాళ్లకే ఇష్టం లేదట పోటీ చేయడం’ అనే మాస్టర్లు ఉండేవారు. వారిలో కొన్నాళ్లు నేనూ ఉన్నాను.

---

వేపపువ్వు
డిసెంబరు 28, రాత్రి 8.37

ఈ రోజు శిబిరానికి ఆమెతో వెళ్లి వచ్చాను. నేలంతస్తులోని అంగన్‌వాడీ గదిలో పెట్టారు. బీఎల్వో అంగన్‌వాడీ ఆమే. పొద్దుటి నుంచి లేవలేదని చూస్తేనే తెలుస్తోంది, గొంతు బొంగురుపోయింది, అయినా విసుక్కోలేదు. ఇల్లు కేటాయించిన ఉత్తర్వు చూడగానే ‘ఇది ఉంటే చాలు’ అంది. తమిళం గడిలో పేరు రాశాక ఇంగ్లీషు గడి దగ్గర ఆగి, ‘పీ రాయాలా, బీ రాయాలా’ అని నన్ను అడిగింది. నేను ఆధార్ చూపించాను. బీ రాసి, పక్కన హెచ్ ఇరికించింది. రశీదు చింపి ఇచ్చింది.

ఆ మనిషి గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. మాస్టారూ, నిజంగానే ఫోను చూసుకుంటున్నాడు. మేము బయటికి రాగానే నవ్వి, ‘ఏమ్మా, ఇప్పుడు మన బూతులోకి వచ్చేశావు కదా, సంతోషం’ అన్నాడు తమిళంలో. ఆమె తల ఊపింది.

ఫిర్యాదు చేద్దామా అని బస్సులో అడిగాను. నల్లకోటు గారు రాసిన సెక్షన్లన్నీ చెప్పాను. చాలాసేపు కిటికీలోంచి చూసి, ‘నేను ఇన్నేళ్లు కొత్త చోటికి ఓటు ఎందుకు మార్చుకోలేదనుకున్నావు?’ అంది. బద్ధకం అనుకున్నాను, తెలియక అనుకున్నాను. మీ అందరికీ కూడా అలాగే రాశాను. ‘అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. గుడిసెలే లేవు కదా. నా ఇష్టం వచ్చినట్టు వేసి వచ్చేదాన్ని’ అంది.

పేరు సరిగ్గా చేర్పించి నేను ఆమెకు మేలు చేశానా, లేదా అన్నది ఇప్పుడు నాకే తెలియడం లేదు.

---

నల్లకోటు
డిసెంబరు 28, రాత్రి 9.20

నివాసం ఎక్కడో ఓటు అక్కడే. ప్రజా ప్రాతినిధ్య చట్టం 19వ సెక్షను అదే చెబుతుంది, వేరే దారి లేదు. నేను రాసిన సలహా చట్టప్రకారం సరైనదే. ఆమె చెప్పినది విన్నాక మళ్లీ చదువుకుంటే మాత్రం ఒకరకంగా ఉంది.

బూతుకు 1,200 మంది దాకా ఉంటారని ఆమెతో చెప్పండి. ఒకరి ఓటు అందులో తేల్చడం కష్టమే.

---

కొరుక్కుపేట
డిసెంబరు 28, రాత్రి 9.31

లాయరమ్మా, ఒకరిది తేల్చనక్కరలేదు. పన్నెండు వందల మందికీ కలిపి ఒకటే మోటారు.

---

గళ్లచొక్కా
డిసెంబరు 28, రాత్రి 10.15

పెరియమెట్టు గారూ, నిన్న నేను రాసిన చివరి వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. బూతు లెక్క మీద నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

వేపపువ్వు గారూ, ఆ బ్లాకుల్లో ఇంకా ఎంతమంది పేర్లు లేవు? వచ్చే శనివారం నాకు సెలవు. ఇంగ్లీషు గడులు నింపడం నాకు వచ్చు.

---

వేపపువ్వు
డిసెంబరు 28, రాత్రి 10.40

ఆమె మెట్లదారిలోనే పద్నాలుగు మంది ఉన్నారట. అందరూ చేర్పించుకుంటామంటున్నారా అన్నది అడిగి చెబుతాను. ఒకరిద్దరు వద్దన్నారని అంది. ఎందుకు వద్దో ఈసారి ముందే అడుగుతాను.

---

పెరియమెట్టు
డిసెంబరు 28, రాత్రి 10.52

పద్నాలుగు మంది అయితే ఒక్కరి వల్ల కాదు. నేనూ వస్తాను. మా అమ్మ కూడా వస్తానంటోంది, సంచితో సహా. గళ్లచొక్కా గారూ, తాంబరం బస్సా, మీ బండా?

---

పాత మాస్టారు
డిసెంబరు 29, ఉదయం 5.55

నన్నూ కలుపుకోండి. పాత జాబితాలు చదవడానికి భూతద్దం తెస్తాను. వేలిముద్రల స్టాంపు ప్యాడ్ నా దగ్గర ఉంది కానీ ఎండిపోయింది, ఎవరైనా సిరా బుడ్డి కొనుక్కురండి. ఊదా రంగుది.